గుట్ట మీద ఎన్ని గొర్రెలు

నాగర్‌కర్నూల్,
6 నవంబరు 2006.

ఏమే సౌందర్యా,

నాలుగు నెలలుగా ఒక్క కార్డు ముక్క రాయనిదాన్ని ఇంత లావు కవరు పంపానంటే ఏదో పని పడిందని నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. తిట్టేది తర్వాత తిట్టు, ముందు చదువు. మీ ఊరి అంగట్లో ఉన్న ఫోనుకు చేద్దామనుకున్నాను. కానీ నువ్వక్కడ రిసీవరు పట్టుకుంటే ఎర్రచెల్మ అంతా చెవులు రిక్కించి నిలబడుతుందని నువ్వే చెప్పావు.

మా సంస్థ పాలమూరు జిల్లాలో పద్నాలుగు ఊళ్ళలో పాడైపోయిన భూములను బాగు చేయడానికి పథకం గీస్తోంది. ఎక్కడ కందకాలు తవ్వాలి, ఎక్కడ చెట్లు పెట్టాలి అన్నది ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పకుండా లెక్క ప్రకారం తేల్చాలని మా భానుప్రకాశ్ సార్ పట్టుదల. ప్రతి ఊరికీ రెండు వరుసలు. ఒకదాంట్లో అక్కడి నేల, గుట్ట, వాగు ఏడాదికి ఎంత ఇస్తాయో రాస్తాం. గడ్డి, వంటకట్టెలు, నీళ్ళు, సీతాఫలాలు, తునికాకు, అన్నీ. రెండో దాంట్లో ఊరికి ఎంత కావాలో రాస్తాం. కావలసింది ఎక్కువైతే పటంలో ఆ చోటు ఎరుపు. ఇచ్చేది ఎక్కువైతే పచ్చ. రంగును బట్టి పని.

గుట్ట ఇచ్చేది మేం కొలుచుకుంటాం. ఊరికి కావలసింది మాత్రం ఇంటింటికీ వెళ్ళి అడగాలి. కొత్త ముఖం కనబడితే మీ వాళ్ళు "ఏమో సారూ, తెల్వదు" అనేస్తారు. నువ్వైతే వాళ్ళ పిల్లలకు బడిలో చదువు చెప్తున్నావు, నీకు చెప్తారు. నూట పన్నెండు కాగితాలు పంపుతున్నాను, ఇంటికొకటి.

ఎర్రచెల్మ లెక్కలకు నేను హామీ అని సార్ ముందు గొప్పగా చెప్పేశాను. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని గుర్తుపెట్టుకో.

నీ,
మెహజబీన్

*

ఎర్రచెల్మ, మల్దకల్ దగ్గర,
24 నవంబరు 2006.

మహారాజశ్రీ మెహజబీన్ మేడం గారికి,

అవసరానికి అక్కా అన్నావు. సరే, నూట పన్నెండు ఇళ్ళూ తిరిగాను. చెప్పులు అరిగిపోయాయి, కొత్త జత నీ జీతంలో రాసుకో.

మీ కాగితం మీద "ప్రకృతి మీకు చేసే సేవలు" అని ఎవరు రాశారే? మా అమ్మకు చదివి వినిపిస్తే పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. "గుట్ట మనకు సేవ చేసుడేంది? అదేమన్న మన జీతగాడా?" అని నన్నే కోప్పడింది. జంగమ్మ గారి అభిప్రాయం ఏ గడిలో రాయాలో తెలియక వదిలేశాను.

ఒక్కో ఇంట్లో ఒక్కో పురాణం. దశరథం మామ తన నాలుగెకరాల గురించి అడిగితే వాళ్ళ తాతనాటి నుంచి మొదలుపెట్టాడు. కట్టెల మోపులు ఎన్ని అంటే ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ చెప్పారు. నీళ్ళ బిందెల దగ్గర ఇద్దరు తోటికోడళ్ళు నా ముందే తగువు పడ్డారు. గొర్రెలు కాసే పద్నాలుగు ఇళ్ళలో మాత్రం పని తొందరగా అయిపోయింది. మా నాన్నది కూడా అందులో ఒకటి కదా, ఆయన మంద పక్కనే నిలబడి రాశాను. ఊరంతా కలిపి నాలుగు వందల పన్నెండు గొర్రెలు తేలాయి.

అన్నీ నింపి సంతకం పెట్టాను. ఇక మా గుట్టను ఏం చేస్తారో చేయండి. రెండు మంచి కుంటలు తవ్వించి, నాలుగు చెట్లు పెట్టించావంటే నీ పేరు చెప్పుకుని నీళ్ళు తాగుతాం.

సౌందర్య

*

నాగర్‌కర్నూల్,
18 జనవరి 2007.

బంగారు సౌందర్యా,

శుభవార్త. పటానికి రంగులు వేశాం. పద్నాలుగు ఊళ్ళలో పన్నెండు ఎర్రగా, బిజినేపల్లి వైపు ఊరొకటి రెండు వరుసలూ సమానమై పసుపుగా వచ్చాయి. పచ్చగా వచ్చింది మీ ఎర్రచెల్మ గుట్ట ఒక్కటే! పేరుకు తగ్గట్టు ఎరుపు వస్తుందని అందరం పందెం కాశాం, ఓడిపోయాం.

మీ గుట్ట మూడు వందల ఇరవై ఎకరాలు. అక్కడ పెరిగే గడ్డి సుమారు ఏడు వందల గొర్రెలకు సరిపోతుంది. మీ దగ్గర ఉన్నవి నాలుగు వందల పన్నెండు. అంటే గడ్డి మిగులుతోంది. అలాంటి చోట గుట్టను పూర్తిగా మూసేసి, చుట్టూ కంచె వేసి, కందకాలు తవ్వి, అడవి చెట్లు పెంచుతారు. నాలుగేళ్ళు పశువు అడుగు పెట్టకూడదు. కింద ఉన్న మూడు ఊళ్ళ బావుల్లోకి నీళ్ళు ఊరతాయి. ఆ నాలుగేళ్ళు మీ గొర్రెలకు చేలల్లో కోతలయ్యాక మిగిలే మేత సరిపోతుందని లెక్క. తవ్వకం ఉపాధి పనిలో పెడతారు కాబట్టి మీ ఊరివాళ్ళకే కూలి దొరుకుతుంది.

మొదటి విడతలోనే మీ గుట్టను పెట్టించడానికి సార్‌తో ఎంత వాదించానో నీకు తెలియదు. ఫిబ్రవరి ఇరవై ఆరున జాబితా హైదరాబాదు వెళ్తుంది. వేసవిలో కంచె మొదలు.

అమ్మానాన్నలకు చెప్పు.

మెహజబీన్

*

ఎర్రచెల్మ,
23 జనవరి 2007.

మెహజబీన్,

నీ ఉత్తరం బడిలో అందింది. పిల్లలకు ఎక్కం చెప్తూ చదివాను, ఏడో ఎక్కం మధ్యలో ఆగిపోయాను.

పూర్తిగా మూయడం అంటే పూర్తిగానా? తూర్పు వాలు కూడానా? గొర్రెలు దాటే దారి అయినా వదలరా? మన్ననూరు అడవి వైపు తోలుకుపోదామన్నా ఇప్పుడు అది పులుల అడవి అని లోపలికి రానివ్వడం లేదు. మా వాళ్ళకు ఈ గుట్ట తప్ప వేరే గతి లేదు.

లెక్కలో ఎక్కడో పొరపాటు పడి ఉంటుంది. గడ్డి ఎక్కువ కొలిచారేమో, ఇంకోసారి చూడు. నాన్నకు ఇంకా చెప్పలేదు.

వెంటనే రాయి.

సౌందర్య

*

వనపర్తి,
4 ఫిబ్రవరి 2007.

సౌందర్యా,

ఆదివారమని ఇంటికి వచ్చాను. నీ ఉత్తరం సంచిలోనే ఉంది. గడ్డి కొలతలో పొరపాటు లేదు. తాడుతో చదరాలు కట్టి, కోసి, ఎండబెట్టి తూచింది నేనే. పొరపాటు రెండో వరుసలో ఉంది. ఆ వరుస నీది.

దశరథం మామ కాగితం మళ్ళీ తీశాను. ఎరువు కోసం మీ నాన్న మందను తన చేలో రాత్రిళ్ళు పడుకోబెట్టించుకున్నానని, నాలుగెకరాలూ నెల తిరక్కుండా అయిపోయాయని చెప్పాడు. నువ్వే రాశావు. మీ నాన్న కాగితంలో ముప్పై గొర్రెలని ఉంది. ముప్పై గొర్రెలు పడుకుంటే ఒక్క ఎకరానికే నెల పడుతుంది కదా! మిగతా రైతుల కాగితాలూ చూశాను. అన్నిచోట్లా ఇదే తంతు. గొర్రెలు లేవు గానీ వాటి ఎరువు మాత్రం ఉంది.

మధ్యాహ్నం అబ్బాను అడిగాను. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో మాంసం అంగడి నడుపుతున్నాడు, జిల్లాలో ఆయన తొక్కని గొర్రెల దొడ్డి లేదు. విని ఒకటే నవ్వు. "నన్నొక మాట అడగకపోతివి బేటీ. గొర్లు కాసెటోడు లెక్క నోట జెప్తడా? కొనెటోడే సూసి అందాజ్ కట్టుకోవాలె" అన్నాడు. ఇంట్లో అబ్బా ఇమామ్ సాహెబును పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

నువ్వు సంతకం పెట్టావు, నేను హామీ ఇచ్చాను. సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. నీకు తెలిసే రాశావా?

మెహజబీన్

*

ఎర్రచెల్మ,
9 ఫిబ్రవరి 2007.

మెహజబీన్,

తెలిసే రాశాను.

మా వాళ్ళలో మంద లెక్క నోటితో చెప్పరు. చెప్తే దిష్టి తగిలి మంద దక్కదని నమ్మకం. నాన్న ప్రతి గొర్రెనూ ముఖం చూసి గుర్తుపడతాడు, ఒకటి తప్పిపోతే సాయంత్రానికి ఏది రాలేదో చెప్తాడు. ఎన్ని అని అడిగితే మాత్రం "ముప్పై నలభై ఉంటయ్ తియ్" అంటాడు. పద్నాలుగు ఇళ్ళలోనూ అదే మాట. నేను పక్కనే మందను చూస్తూ ముప్పై అని రాశాను. చెయ్యి వణికింది, అయినా రాశాను.

ఎందుకో చెప్తాను. కాలేజీలో మూడేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నా నీకు చెప్పని సంగతి ఇది. నేను ఏడో తరగతిలో ఉండగా పశువుల లెక్క రాసుకోవడానికి ఒకాయన వచ్చాడు. నాన్న ఊళ్ళో లేడు. చదువుకున్న పిల్లనని నాకో గొప్ప. దొడ్డి గడప దగ్గర నిలబడి, ఒక్కొక్క దాన్నే వేలుపెట్టి చూపిస్తూ గట్టిగా లెక్కపెట్టాను. తొంభై ఆరు. మూడు వారాలు తిరగకుండా మూతులు వాచే రోగం వచ్చింది. పందొమ్మిది మిగిలాయి. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. రెండు తగిలించి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ రోగం వానాకాలం దోమలతో వస్తుందని నాకు తెలుసు. బడిలో పిల్లలకు అదే చెప్తాను. తెలిసినా నాన్న ముందు నోరు పెగలలేదు.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నీ కాగితంలో అన్నిటికీ గడి ఉంది, "చెప్పం" అని రాయడానికి ఒక్క గడి ఎందుకు లేదు?

గుట్ట మూస్తే ఈ పద్నాలుగు ఇళ్ళూ మందలమ్ముకుని పూణే పనులకు పోవాల్సిందే. ఎలాగైనా ఆపు. తప్పు నాదని రాసుకో.

సౌందర్య

*

నాగర్‌కర్నూల్,
13 ఫిబ్రవరి 2007.

సౌందర్యా,

నీ మీద కోపంతో మొదలుపెట్టిన ఉత్తరాలు రెండు చింపేశాను. మూడోది ఇది.

గొర్రెల లెక్క తప్పని సార్ దగ్గర ఒప్పుకున్నాను. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "చెప్పింది తీసేసి మనకు తోచిన అంకె వేస్తే మిగతా పదమూడు ఊళ్ళ లెక్కలను ఎవరు నమ్ముతారమ్మా? నిజం లెక్క తెస్తే మారుస్తా. లేకపోతే పచ్చ పచ్చగానే పోతుంది" అన్నాడు. కావాలంటే ముగ్గురు మనుషులను పంపుతానన్నాడు. తెల్లవారి దొడ్ల దగ్గర నిలబడి లెక్కపెట్టుకుంటారట.

వద్దన్నాను. పరాయివాళ్ళు వచ్చి వేలు చూపించి లెక్కపెడితే మీ నాన్న ఏమవుతాడో నువ్వు రాసిన తర్వాత కూడా ఎలా ఒప్పుకుంటాను? కానీ ఇరవై ఆరో తారీఖు మారదు. ఇంకా పదమూడు రోజులే ఉన్నాయి.

ఏదో ఒకటి చెయ్యి.

మెహజబీన్

*

ఎర్రచెల్మ,
20 ఫిబ్రవరి 2007.

మెహజబీన్,

ఈ ఉత్తరంతో పాటు గద్వాల డిపో బస్సు డ్రైవరు యోసేపన్న ఒక గోనెసంచి ఇస్తాడు. లోపల పద్నాలుగు మూటలుంటాయి. ముందు ఉత్తరం చదివి తర్వాత విప్పు.

నాన్నకు మొత్తం చెప్పాను. కాగితం సంగతి, గుట్ట సంగతి, నేను ముప్పై అని రాసిన సంగతి. చాలాసేపు గొంగడి అంచు నలుపుతూ కూర్చున్నాడు. చివరికి, "గుట్ట మూస్తే మంద బత్కదు. లెక్క జెప్తే మంద బత్కదు. నన్నేం జెయ్యమంటవ్ బిడ్డా?" అన్నాడు. ఏడ్చాను. ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు.

మూడో రోజు అమ్మ చింతపండు కొడుతూ కొడుతూ ఆగింది. "నోట జెప్పొద్దన్నరు. ఏలు వెట్టి సూపొద్దన్నరు. గింజలెయ్యొద్దని ఎవరన్న అన్నరా?" అంది. నాన్న ఆమె వంక ఎట్లా చూశాడంటే, పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొదటిసారి చూసినట్టు చూశాడు.

నిన్న తెల్లవారి పద్నాలుగు దొడ్ల దగ్గరా అదే పని. దొడ్డి వాకిలి దాటే ఒక్కో గొర్రెకు ఒక్కో చింతగింజ చేటలో వేశారు. ఇంటి ఆడవాళ్ళే వేశారు. ఎవరూ మాట్లాడలేదు, ఎవరూ పైకి లెక్కపెట్టలేదు. మా దొడ్డి దగ్గర అమ్మ గింజలు వేస్తుంటే నాన్న అటు తిరిగి నిలబడ్డాడు. ఒక పెద్దాయన "గిది గూడ లెక్కనే గదా" అని నసిగితే అమ్మ "గింజలు లెక్కవెట్టేది వాళ్ళు, మనం గాదు" అని నోరు మూయించింది.

మూట మూటకూ ఇంటి పేరు చీటీ కట్టాను. ఇక నీ చేతిలో పెడుతున్నాను. దయచేసి మనసులోనే లెక్కపెట్టు.

సౌందర్య

*

నాగర్‌కర్నూల్,
25 ఫిబ్రవరి 2007.

సౌందర్యా,

మూటలు అందాయి. ఆఫీసు గదికి గడియ వేసుకుని, పెదాలు బిగబట్టి, పదేసి గింజల కుప్పలు పోసి లెక్కపెట్టాను. రెండుసార్లు. నా పక్కన ఎవరూ లేరు.

గుట్ట మొత్తం మూసే మాట పోయింది. పటంలో రంగు మార్చాం, జాబితా మారింది. అమ్మకు చెప్పు, ఆమె గింజలే మీ గుట్టను కాపాడాయి.

మొత్తం ఎంత తేలిందో నీకు రాయను. మీ నాన్న మంద ఎంతో కూడా రాయను. మీ ఆచారాన్ని మన్నించాలి కదా. మిగతా సంగతులు మార్చి నెలాఖరున గ్రామసభలో సార్ చెప్తారు. నేను రాలేకపోవచ్చు, ఇక్కడ పని ఎక్కువగా ఉంది.

మెహజబీన్

*

ఎర్రచెల్మ,
2 ఏప్రిల్ 2007.

మెహజబీన్ గారికి,

నమస్కారం. గురువారం గ్రామసభ జరిగింది. మీకు పని ఎక్కువగా ఉండటం వల్ల రాలేకపోయారు, మేమూ మీకోసం కనిపెట్టుకుని కూర్చోలేదు.

మీ భానుప్రకాశ్ సార్ బడి గోడకు పటం తగిలించాడు. మా గుట్ట మిరపపండులా ఉంది. అందరి ముందూ గట్టిగా చదివాడు. "గుట్ట ఏడు వందల గొర్రెలకు సరిపోతుంది. మీకున్నవి పద్దెనిమిది వందల నలభై ఆరు." ఆ అంకె వినగానే పద్నాలుగు ఇళ్ళ మగవాళ్ళూ ఒక్కసారే "థూ థూ" అని దిష్టి తీసినట్టు ఉమ్మేశారు. ఆయనకు ఎందుకో అర్థం కాలేదు. ఆయనకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదన్నమాట. అది కూడా ఆయనకు చెప్పడానికి మీకు పని అడ్డం వచ్చి ఉంటుంది.

గుట్టను మూడు ముక్కలు చేస్తారట. ఒక్కో ముక్కను రెండేసి సంవత్సరాలు వంతులవారీగా మూస్తారట. గట్ల మీద గడ్డి విత్తనాలు చల్లుతారట, ఒడ్డుల వెంట మేతచెట్లు పెడతారట. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఇప్పుడున్న గొర్రెలతో అది సాగదు, ఇంటింటికీ కొన్ని తగ్గించుకోవాలట. అప్పుడు నాన్న లేచాడు. సభలో మా నాన్న నోరు విప్పడం నేనెన్నడూ చూడలేదు. "అంటే గుట్టను మా గొర్లే తిన్నయంటరా సారూ?" అని అడిగాడు. సార్ తల వంచుకుని, "వానలు తగ్గినయ్, తోలుకుపోయే అడవి లేకపాయె, మందలు పెరిగినయ్. ఒక్కరి తప్పు కాదు చెన్నయ్యా" అన్నాడు. నాన్న ఇంకేమీ అడగకుండా వచ్చేశాడు.

నీకు ఫిబ్రవరి ఇరవై అయిదునే తెలుసు. ఆచారాన్ని మన్నిస్తున్నానని రాశావు! గింజలు మా దగ్గర్నుంచి తీసుకుని, నిజం మాత్రం నీ దగ్గర దాచుకున్నావు. నేను ముప్పై అని రాసినప్పుడు నా చెయ్యి వణికింది. నీది వణికిందా?

సౌందర్య

*

నాగర్‌కర్నూల్,
10 ఏప్రిల్ 2007.

సౌందర్యా,

"గారు" అని చదవగానే ఏడుపొచ్చింది.

నా చెయ్యి వణకలేదు. అదే నన్ను తినేస్తోంది. ఆచారం అడ్డం పెట్టుకుంటే ఎంత తేలికగా ఉందో, చకచకా రాసేశాను. గింజలు లెక్కపెడుతుంటే మొదట వెయ్యి దాటింది, తర్వాత పదిహేను వందలు దాటింది. గుట్ట మూయడం లేదన్న మాట ఒక్కటి చెప్పి నిన్ను కొన్నాళ్ళు నవ్వనిద్దామనుకున్నాను. నిజానికి నీ ముందు నిలబడి చెప్పే ధైర్యం లేక పారిపోయాను. మార్చిలో నా ఉద్యోగం ఖాయమైంది, ఆ మాట కూడా సిగ్గుతో నీకు రాయలేదు. సార్‌కు మీ ఆచారం గురించి చెప్పకపోవడం కూడా నా తప్పే. ఇప్పుడు చెప్పాను. నొచ్చుకున్నాడు.

ఇప్పుడు దాచకుండా రాస్తున్నాను. గడ్డి తూచినప్పుడు పడమటి వాలు మీద కొన్ని చదరాల్లో తూకానికి కూడా రాలేదు. వేళ్ళతో సహా కొరికేసి ఉంది. మొన్నటి దాకా అది రాతినేల కాబోలు అనుకున్నాం. ఇలాగే వదిలేస్తే ఆరేడేళ్ళలో మొత్తం గుట్ట అట్లాగే అవుతుంది. అప్పుడు కంచె అక్కరలేదు, కంచె వేయడానికి ఏమీ మిగలదు. వంతులు పెట్టి, మందలు కొంత తగ్గిస్తే నిలబడుతుంది. తప్పకుండా అని చెప్పలేను. వాన ఉండాలి.

అబ్బా ఒక మాట చెప్పమన్నాడు. "అందరొక్కసారి సంతకు తోలితే రేటు పడిపోతది. జర ఆగి ఆగి అమ్ముకోమను" అన్నాడు.

తిట్టు. రాయకుండా మాత్రం ఉండకు.

మెహజబీన్

*

ఎర్రచెల్మ,
9 జూలై 2007.

మెహజబీన్,

మూడు నెలలు రాయలేదు. మొదట కోపంతో, తర్వాత ఏం రాయాలో తెలియక.

నాన్న సభ మరునాడే గుట్టెక్కాడు. పడమటి వాలు మీద పొద్దంతా తిరిగాడు. సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "నా సిన్నప్పుడు గాడ మోకాలెత్తు గడ్డి ఉండె. రోజు సూస్తనే ఉన్న, సూడకపోతి" అన్నాడు. ఆ తర్వాత మిగతా ఇళ్ళవాళ్ళతో పదిహేను రోజులు వాదులాట. ఇద్దరు నాన్నను ఊరి ద్రోహి అన్నారు. అమ్మ వాళ్ళింటికి వెళ్ళి నాలుగు దులిపి వచ్చింది. చివరికి పద్నాలుగు ఇళ్ళలో పదకొండు ఒప్పుకున్నాయి. ముగ్గురు ఒప్పుకోలేదు, వాళ్ళ మందలు కంచె దాటుతాయేమోనని ఇప్పుడు రోజూ భయమే.

మీ అబ్బా చెప్పినట్టు అందరూ ఆగలేదు. సంతలో రేటు పడనే పడింది. మేం ముప్పై ఒకటి అమ్మాం. ఇమామ్ సాహెబు స్వయంగా వచ్చి ఆరు తీసుకున్నాడు, బేరమాడలేదు. ఏవి ఇవ్వాలో నాన్న చూపించలేదు, అమ్మే విడదీసింది. ఇప్పుడు మంద నూట పన్నెండు. ఇది నాన్న రాయమంటేనే రాస్తున్నాను. రాయమని చెప్పి తానే చెవులు మూసుకున్నాడు.

పడమటి ముక్కకు ముళ్ళకంచె పడింది. మొదటి కంప వేసింది నాన్నే. కందకాలు తవ్వడం అయింది, జూన్ మూడో వారంలో వాన పడి నిండాయి. తర్వాత మళ్ళీ లేదు. పదిహేను రోజులుగా మబ్బు పడుతోంది, పోతోంది. విత్తనాలు చల్లాం, పచ్చగా ఒక్క పోచ కనబడలేదు. వానల్లో రోగం వస్తుందేమోనని ఒక దిగులు, వానే రాదేమోనని ఒక దిగులు. రెండూ ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నాయి.

నిన్న బడి నుంచి గుట్ట వైపు వెళ్ళాను. గొర్రెలు అలవాటు కొద్దీ పడమటి దారి పట్టి, కంచె దగ్గర ఆగిపోయాయి. ఒకదాని వెనక ఒకటి నిలబడి లోపలికి చూస్తున్నాయి. నాన్న వాటిని అదిలించలేదు. కర్ర పక్కన పెట్టి వాటి మధ్య కూర్చుని ఏడుస్తున్నాడు. మంద చచ్చిన ఏడాది కూడా ఆయన ఏడవలేదు. నన్ను చూసి తుడుచుకోలేదు కూడా.

నేను పక్కన కూర్చున్నాను. తొంభై ఆరు లెక్కపెట్టింది నేనే అని, అప్పుడు నన్ను కొట్టాల్సిందని ఇన్నేళ్ళకు ఆయనతో అన్నాను. "పిచ్చి బిడ్డా" అని నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి తీయకుండానే అడిగాడు:

"గడ్డి ఎన్ని దినాలకొస్తదో నీ దోస్తును అడుగు. ఖచ్చితంగ జెప్పుమను. మా మనసు నొస్తదని తక్కువ జేసి రాయొద్దని జెప్పు."

అడుగుతున్నాను మెహజబీన్. ఎన్ని రోజులు?

సౌందర్య